గురువారం ఇచ్చిన చీటీలు

ఆ సీజన్‌లో మా పెద్దన్న భూమన్న నెపోలియన్. తమ్ముడు లింగం ఆయన కింద సేనాపతి. ఇద్దరికీ మాటలు లేక అప్పటికి రెండేళ్లు. వాళ్ల మధ్య చీటీలు మోసే పని నాది.

నవ్వొస్తే నవ్వండి, నేనూ మొదట నవ్వాను. చెరుకు రైతులకు నెపోలియన్‌తో ఏం పని అని బోధన్‌లో చాలామంది అడిగారు. పని ఉంది. మా తండ్రి కాశయ్య బాపుకూ జహూర్ సారుకూ పదేళ్ల దోస్తీ ఆ ఆట మీదే నడిచింది.

జహూర్ సారు హైస్కూల్లో చరిత్ర చెప్పి రిటైరైన మనిషి, ఉర్దూ మీడియం రోజుల పంతులు. ఆయన ముందుగదిలో నలుగురు కూర్చుని అన్నం తినేంత పెద్ద చెక్క తఖ్తు ఉండేది. దాని మీద మట్టి పరిచి, చెరుకు పిప్పితో గుట్టలు పోసి, అగ్గిపెట్టెలతో ఊళ్లు కట్టి, సారు వాటర్లూ యుద్ధభూమిని తయారు చేశాడు. సైన్యం అంతా చింతగింజలు. ఒక్క గింజ వెయ్యి మంది. నీలిమందు అద్దినవి ఫ్రెంచివాళ్లు, జాజు పూసినవి ఇంగ్లీషువాళ్లు, మసి పూసినవి వాళ్లకు సాయంగా తూర్పు నుంచి వచ్చే ప్రష్యావాళ్లు. గుర్రాలకు సీతాఫలం గింజలు, ఫిరంగులకు కుంకుడు గింజలు. నెపోలియన్ ఒక గవ్వ.

"చరిత్రల ఆయన ఓడిపోయిండు. ఇంకో తీరుగ నడిస్తే ఏమవుతుండెనో చూస్తందుకే ఈ ఆట," అనేవాడు సారు. బాపు ఎప్పుడూ ఫ్రెంచివాళ్ల వైపే, తక్కిన ఇద్దరి వైపూ సారు. బాపుకు చదువు రాదు కానీ బండి తోలిన చెయ్యి. ఆ యుద్ధానికి ముందు రాత్రి వాన పడిందట. నేల ఆరేదాకా ఫిరంగులు కదపకుండా నెపోలియన్ పొద్దుటి పూటంతా ఆగాడట. అదే ఆయన చేసిన తప్పని సారు పుస్తకంలో ఉంది. బాపు ఒప్పుకునేవాడు కాదు. "ఆ పుస్తకం రాసినోడు వానపడ్డ నల్లరేగడిల ఎన్నడన్న బండి తోలిండా సార్," అని అడిగేవాడు. పదేళ్లూ అదే అడిగాడు.

ఆ ఆటకు మూడో మనిషి కావాలి. ఎదుటివాడి గింజలు ఎవరికీ కనిపించవు, తన సేనాపతులతోనైనా చీటీల మీదే మాట్లాడాలి. ఏ చీటీ ఎప్పుడు చేరింది, ఏ దెబ్బకు ఎన్ని గింజలు లేచిపోయాయి, ఇవన్నీ మూడో మనిషి చెప్పాలి. ఆ మనిషిని సారు మున్సిఫ్ అనేవాడు. ఆరేళ్లుగా ఆ మున్సిఫ్‌ని నేనే, చదువు రాని బాపు చీటీలు రాసిందీ నేనే. మొగుడు పోయి పుట్టింటికి వచ్చి, ఆడపిల్లల బడిలో పంతులమ్మగా చేరిన నాకు ఊళ్లో దొరికిన హోదా అదొక్కటే. దాన్ని నేను చాలా గట్టిగా పట్టుకున్నాను.

అన్నదమ్ముల పంచాయితీ చిన్నది. మా దగ్గర చెరుకు కొట్టాలంటే చక్కెర ఫ్యాక్టరీ నుంచి కటింగ్ ఆర్డర్ రావాలి. లింగం అక్కడి కేన్ ఆఫీసులో గుమాస్తా. బాపు టైఫాయిడ్‌తో పడుకున్న ఏడు, పదహారెకరాలూ ఒకే పేరు మీద ఉంటే ఆర్డర్ ఆలస్యమవుతుందని వాడు సగం చెరుకు తన పేరున రాయించాడు. ఆర్డర్ నిజంగానే పదిహేను రోజులు ముందొచ్చింది. అన్నకు మాత్రం చెప్పలేదు. ఫ్యాక్టరీ గేటు దగ్గర బండ్ల వరసలో ఎవరో రెంజల్ రైతు, "మీరు ఏరువడ్డరట గద," అని అడిగితే అన్నకు తెలిసింది. ఆ రోజు నుంచి అన్న నోట తమ్ముడి పేరు రాలేదు.

ఇక ఇద్దరి మాటలూ నా మీదుగానే. "గా క్లర్కుకు చెప్పు, ఇయ్యాల బావి కాడ ఇంజన్ ముట్టొద్దని," అనేవాడు అన్న. నేను వెళ్లి, "అన్న ఇంజన్ బాగు చేయిస్తుండట, ఇయ్యాల ఒక్కరోజు ఆగమన్నడు," అని చెప్పేదాన్ని. "ఇంజన్ ఆయన సొంతమా అని అడుగు," అనేవాడు లింగం. నేను వెళ్లి, "సరేనన్నడు," అనేదాన్ని. రెండేళ్లు అట్లా అబద్ధాల మీద ఇల్లు నడిపాను. నాకు కావలసింది ఒక్కటే. ఆ ఇల్లు రెండు కాకూడదు, మమ్మల్ని కన్న అవ్వను వంతులు వేసుకోకూడదు.

అరవై ఏడులో దసరా వెళ్లిన మూడో రోజు బాపు పోయాడు. పంచుకునే రోజొస్తే జహూర్ సారు గీసిందే గీత అని పదిమంది ముందు చెప్పి మరీ పోయాడు. ఫ్యాక్టరీ కూత మొదలై బండ్లు రోడ్డెక్కిన వారానికి ఇద్దరూ సారు ఇంటికి వచ్చారు. ఒకడు ఈ గోడకు, ఒకడు ఆ గోడకు ఆనుకుని కూర్చున్నారు.

"బాపు మీకు చెప్పి పోయిండు గద సార్. పంచుండ్రి," అన్నాడు భూమన్న.

"నేను గూడ అదే అంటున్న," అన్నాడు లింగం.

సారు కళ్లద్దాలు తుడుచుకున్నాడు. "పంచుత. భూమి కొలవాలె, బావి చూడాలె, ఇల్లు చూడాలె. నెల పడ్తది. కాని మీ బాపు నా దగ్గర ఒక పని సగంల ఇడిశిపెట్టి పోయిండు. అది మళ్ల మొదలువెట్టకుంట నాకు చెయ్యి సాగదు."

లేచి తఖ్తు మీది దుప్పటి తీశాడు. నీలం గుర్రాలు ఇంగ్లీషువాళ్ల గుట్ట సగం ఎక్కి అట్లాగే ఉన్నాయి. బాపు చివరిసారి పెట్టిన చోటు నుంచి ఒక్క గింజ కదల్లేదు. తలుపు వెనక నుంచి సారు భార్య షమ్సున్నీసా, "నెల రోజులాయె, ఇంటికి చుట్టమొస్తే కూసుండ జాగ లేదు," అంది.

"మీ బాపు ఒక్కడే రెండు పనులు చేసిండు. మీరిద్దరున్నరు," అన్నాడు సారు. "భూమన్నా, నువ్వు బాద్షావు. లింగం, నువ్వు గ్రూషీవి. ప్రష్యావాళ్ల ఎంట పడుమని బాద్షా నిన్ను తూర్పుకు తోలిండు. ఆయన ఫౌజుల మూడోవంతు నీ చేతిల ఉన్నది."

"ఆయన కింద నేను పన్జెయ్య," అన్నాడు లింగం.

"నాక్కూడ గాయనతోని పనిలేదు," అన్నాడు భూమన్న.

"అట్లయితే పంపకం ఇంకొకరితోని చేయించుకోండ్రి. మీ బాపు మాట మీ ఇష్టం."

ఇద్దరూ తఖ్తు వైపు చూశారు. నీలం గుర్రాల పక్కన బాపు బొటనవేలి గుర్తు తడిమట్టిలో పడి ఎండిపోయి ఉంది. అన్నే ముందు తలూపాడు.

ఆట ఇట్లా నడిచేది. సారు సాయంత్రం అసర్ నమాజు చేసుకుని వచ్చాక, పొద్దుగూకి మగ్రిబ్ నమాజు అయ్యే లోపల, రోజుకు ఒక్క ఎత్తు. చెరుకు బండి పంపించి అన్న, డ్యూటీ దిగి లింగం ఆ వేళకు వచ్చేవారు. అన్న తఖ్తు పడమటి వైపు కూర్చుంటాడు, తన ముందున్న యుద్ధం తప్ప తక్కిందంతా పరదా చాటున. లింగం పెరట్లో నీళ్ల తొట్టి పక్కన స్టూలు మీద కూర్చుంటాడు. వాడికి ఏమీ కనిపించదు. తన గింజలు ఎక్కడున్నాయో పలక మీద గీసి చూపిస్తాను, అంతే. ఫిరంగులు పేలినప్పుడు మాత్రం నేను ఇత్తడి పళ్లెం మీద గరిటెతో కొట్టాలి. అంత దూరంలో ఉన్న సేనాపతికి చప్పుడు వినబడుతుంది కదా. పళ్లెం షమ్సున్నీసాది. అది సొట్టలు పడుతున్నకొద్దీ ఆమె మా చాయలో చక్కెర తగ్గించింది, ఫ్యాక్టరీ ఊళ్లో ఉండి కూడా.

బాద్షాకూ గ్రూషీకీ మధ్య తఖ్తు మీద నాలుగు జానల దూరం. జానకు ఒక రోజు. అంటే గురువారం ఇచ్చిన చీటీ సోమవారం సాయంత్రం చేరుతుంది. దానికి తోడు నేను లోపలి గదిలో, ఎవరూ చూడకుండా, ఐదు గవ్వలు వెయ్యాలి. అన్నీ వెల్లకిలా పడితే చీటీ తీసుకెళ్లే రౌతుకు అడ్డదారి దొరికినట్టు, ఒక రోజు తక్కువ. అన్నీ బోర్లా పడితే దారి తప్పినట్టు, ఒక రోజు ఎక్కువ. మిగతావన్నీ సీదా. గవ్వలు ఎట్లా పడ్డాయో నాకు తప్ప ఎవరికీ తెలియదు. నేను చెప్పిందే వేదం.

ఇంకో చిక్కు. అన్న నిజాం కాలంలో నాలుగో జమాతు చదివాడు, ఆయనకు వచ్చింది ఉర్దూ రాతే, తెలుగు మాటనైనా ఆ అక్షరాల్లోనే రాస్తాడు. లింగం బడికి వెళ్లే నాటికి తెలుగు వచ్చింది, వాడికి ఉర్దూ అక్షరం తెలియదు. ఒక్క తల్లి పిల్లలు, ఒకరు రాసింది ఇంకొకరు చదవలేరు. మధ్యలో పుట్టిన నాకు రెండూ వచ్చు. అందుకని చీటీని రెండో లిపిలోకి రాసి ఇచ్చే పని కూడా నా మీదే పడింది.

మొదటి రోజే సారు నన్ను పక్కకు పిలిచాడు.

"విమలమ్మా, ఇంట్ల నువ్వేం చేస్తవో నాకు మాలూమే. ఇక్కడ అది నడవది. ఉన్నది ఉన్నట్టు రాయాలె. నీ దిక్కెళ్లి ఒక్క మాట కలపొద్దు, ఒక్క మాట తియ్యొద్దు. గవ్వ ఎట్ల పడితే అట్లనే చెప్పాలె. మున్సిఫ్ అంటే ఇన్సాఫ్, న్యాయం."

నాకు ముఖం కాలినట్టయింది. అయినా లోపల సంతోషమే అయింది. రెండేళ్లుగా నోరు తెరిస్తే అబద్ధం చెబుతున్న మనిషిని. రోజుకు ఒక్క గంటైనా నిజం చెప్పే చోటు దొరికిందనుకున్నాను.

మొదట్లో చీటీలు చీటీల్లా ఉండేవి కావు. "బాద్షా హుకుం. నల్లోళ్ల ఎంట పడు. నేను చెప్పేదాక నా దిక్కు రాకు," అని రాశాడు అన్న. ఉన్నది ఉన్నట్టు తెలుగులో దించాను. లింగం చదివి జేబులో పెట్టుకున్నాడు. కేన్ ఆఫీసులో ఆర్డర్ లేకుండా ఒక్క చెరుకు గెడ కూడా కొట్టనివ్వని మనిషి వాడు. "కాయితం మీద ఇట్లున్నది గద. అట్లనే చేస్త," అన్నాడు. గింజలు ఇంకా తూర్పుకు జరిపించాడు. చరిత్రలో గ్రూషీ కూడా అచ్చం అదే పని చేశాడట. హుకుం పట్టుకుని తూర్పుకు పోయాడట, అక్కడ వాటర్లూలో బాద్షా మునిగిపోతుంటే. సారు ఆ ముక్క మాకు ముందుగా చెప్పలేదు.

జనవరి చివరికి అన్న నిజంగా ఆ యుద్ధం ధ్యాసలో పడిపోయాడు. పొద్దున బండి మీద కూర్చుని కూడా అగ్గిపెట్టె ఊళ్ల గురించే ఆలోచించేవాడట, ఎడ్లు వాటంతటవే ఫ్యాక్టరీ దారి పట్టేవట. ఒక సాయంత్రం సారు కావాలని, ఫిరంగుల కుంకుడు గింజలు చూపించి, "నీ తోపులను ముందే కదపాల్సింది భూమన్నా. మీ బాపు పొద్దంత ఆగి ఖరాబ్ చేసిండు," అన్నాడు.

"వానపడ్డ నల్లరేగడిల బండి తోలినోడెవ్వడు గట్ల అనడు సార్," అన్నాడు అన్న.

నేను లోపలికి వెళ్లి ఏడ్చాను.

పంపకం పని కూడా ఆగలేదు. గొలుసు పట్టి భూమి కొలిచారు. సారు రెండుసార్లు ఏవో సాకులు చెప్పి తారీఖు జరిపాడు. మూడోసారి చెప్పడానికి ఏమీ మిగల్లేదు. క్రషింగ్ నడిచే కాలంలో లింగానికి సెలవు దొరకడం కష్టం, ఫిబ్రవరి రెండో సోమవారం ఒక్క పూట ఇచ్చారు. ఆ సోమవారం పొద్దున పదకొండింటికి రిజిస్ట్రీ ఆఫీసులో సంతకాలని రాసుకున్నారు. కాగితంలో అవ్వ కూడా ఉంది. తల్లి రాములవ్వ ఉగాది నుంచి దసరా దాకా చిన్నకొడుకు దగ్గర, దసరా నుంచి ఉగాది దాకా పెద్దకొడుకు దగ్గర. అది చదివి వినిపిస్తే అవ్వ ఒక్కటే అడిగింది.

"మరి ఉగాది నాడు ఎవలింట్ల తినాలె?"



ఆ సోమవారానికి ముందు గురువారం. మూడు రోజులుగా పళ్లెం మోగుతూనే ఉంది. అన్న నీలం గింజలు సగానికి సగం డబ్బాలోకి వెళ్లిపోయాయి. ఆ సాయంత్రం సారు పరదా కొంచెం జరిపి, తూర్పు అంచు మీద మసి పూసిన గింజలు వరసగా పెట్టాడు. ప్రష్యావాళ్లు వచ్చేశారు. తమ్ముడు తరమాల్సిన వాళ్లు, తమ్ముణ్ని తప్పించుకుని, అన్న పక్కటెముకల మీదికి వచ్చారు.

అన్న వాటిని చూస్తూ ఉండిపోయాడు. ఏ చీటీ అయినా రాసి తఖ్తు మీద విసిరేసే మనిషి, ఆ రోజు కాగితం మోకాలి మీద పెట్టుకుని చాలాసేపు రాశాడు. ఎనిమిది మడతలు పెట్టి నా చేతిలో పెట్టాడు. నా ముఖం చూడలేదు.

లోపలి గదిలో విప్పాను. "తమ్మీ, నువ్వు రా. నా ఒక్కనితోని అయితలేదు," అని ఉంది.

రెండేళ్లలో ఆ మాట మొదటిసారి. ఏ లిపిలో ఉంటేనేం, అది తమ్మీ అనే మాటే. గోడకు ఆనుకుని మళ్లీ చదివాను.

పెరట్లోకి వెళితే లింగం స్టూలు మీద లేడు. నిలబడి ఉన్నాడు.

"ఎన్ని తోపులక్కా?"

"చెప్పగూడదు."

"మూడు దినాల సంది కొడుతున్నవు. ఆయనకు బాగ తాకుతున్నదా?"

"చెప్పగూడదురా."

వాడు అప్పటికే రాసి పెట్టుకున్న చీటీ నాకిచ్చాడు. మళ్లీ లోపలి గది. "అన్నా, హుకుం రాకున్నా నీ దిక్కు బయల్దేరిన. కోపం చెయ్యకు," అని ఉంది.

ఆర్డర్ లేకుండా గెడ కూడా కదలనివ్వని మనిషి రాసిన చీటీ అది. ఒక చేతిలో రమ్మన్న కాగితం, ఒక చేతిలో వస్తున్నానన్న కాగితం. లోకంలో ఆ క్షణాన ఆ రెండూ తెలిసింది నాకొక్కదానికే. గవ్వలు వేశాను. మూడు వెల్లకిల, రెండు బోర్ల. సీదా. రెండో చీటీకి వేశాను. అదీ సీదానే. పలక మీద సోమవారం అని రాసి బోర్లించాను.

చీటీలు కొంగుకు ముడేసుకుని నాలుగు రోజులు తిరిగాను. బడిలో ఎక్కాలు చెప్పిస్తూ ముడి తడుముకునేదాన్ని. ఇంట్లో ఇద్దరూ మామూలుగానే ఉన్నారు. కాకపోతే అన్న "గా క్లర్కు" అనడం మానేశాడు. లింగం రెండుసార్లు నా దగ్గరికి వచ్చి, ఏమీ అడగకుండా వెళ్లిపోయాడు. వాళ్లు నా ముఖం చూసే తీరు నాకు అర్థం కాలేదు.

శనివారం సాయంత్రం ఎత్తు అయిపోయి అన్నదమ్ములు వెళ్లిపోయాక సారు నన్ను ఆపాడు.

"సోమవారం పొద్దుగాల్ల సంతకాలు," అన్నాడు. "ఇగ నాతోని ఆపుడు కాదమ్మా."

"ఎరుకే సార్."

"గురువారం రెండు చీటీలొచ్చినట్టున్నయి. గవ్వలు ఎట్ల పడ్డయి?"

"సీదా పడ్డయి సార్. సోమవారం మాపటికి చేరుతయి."

"రెండూ?"

"రెండూ సార్."

సారు చాయ కప్పు కింద పెట్టాడు. "ఒక్కోసారి తొందరల సరిగ్గ కనవడది. ఇంకోసారి చూస్తవా?"

"సరిగ్గనే చూసిన సార్," అన్నాను. గర్వంగానే అన్నాను. నన్ను పరీక్ష చేస్తున్నాడనుకున్నాను. ఆయన కప్పు తీసుకుని మిగిలిన చాయ తాగాడు.

నాకు ఇల్లు పట్టలేదని కాదు. రెండు రాత్రులూ నేను నిద్రపోలేదు. కానీ నా లెక్క నాకుంది. ఇద్దరి మనసులూ కరిగాయి, ఆ సంగతి నా కొంగులోనే ఉంది. పెన్ను చేతిలోకి వచ్చాక ఒక్కడైనా నోరు తెరవకపోతాడా, ఆగు అనకపోతాడా అనుకున్నాను. అట్లా జరిగితే నేను మాట తప్పకుండానే ఇల్లు నిలుస్తుంది. రెండూ దక్కుతాయని ఆశపడ్డాను.

సోమవారం రిజిస్ట్రీ ఆఫీసు వరండాలో అరగంట కూర్చున్నాం. అవ్వ మెట్టు మీద, సారు బెంచీ మీద, అన్న ఆ కొసన, లింగం ఈ కొసన. గుమాస్తా కాగితం ముందు పెట్టాడు. అన్న పెన్ను తీసుకుని, సంతకం పెట్టకుండా, తలెత్తి నా వైపు చూశాడు. తర్వాత లింగం వైపు చూశాడు. లింగం కూడా నన్నే చూస్తున్నాడు. ఎక్కడ సంతకం పెట్టాలో అడుగుతున్నారనుకుని నేను గీత చూపించాను.

అన్న ఉర్దూలో సంతకం పెట్టాడు. లింగం తెలుగులో పెట్టాడు. అవ్వ వేలిముద్ర వేసి, వేలికంటిన సిరాను మెట్టుకు రాసుకుంది. అది అయిపోయింది.

సాయంత్రం ఇద్దరూ ఆటకు వచ్చారు. ఎందుకొచ్చారో అప్పుడు తెలియలేదు, రాకపోయినా అడిగేవారు లేరు. పళ్లెం కొట్టాల్సిన పని లేదు. నేను ముందు పెరట్లోకి వెళ్లి, అన్న చీటీని తెలుగులో రాసింది లింగానికి ఇచ్చాను. వాడు చదివాడు. అసలు చీటీ చూపించమన్నాడు. ఉర్దూ రాకపోయినా ఆ కాగితాన్ని చాలాసేపు చూశాడు.

"ఇది ఎప్పుడు రాసిండు?"

"గురువారం."

"గురువారం రాస్తే ఇప్పుడిస్తున్నవా?"

"నాలుగు జానలు గదరా. నాలుగు రోజులు."

లింగం స్టూలు మీద కూర్చుండిపోయాడు. "నేను బయల్దేరిన ముచ్చట నువ్వు ఆ రోజే అన్నకు చెప్పి ఉంటవనుకున్న అక్కా. నువ్వు ఎన్నడు దాచినవు గనుక. తెలిసి గూడ అన్న నోరు తెరుస్తలేడనుకున్న. పొద్దుగాల్ల అక్కడ గూడ నీ మొఖమే చూసిన. ఇంకేం చెయ్యాలెనని సంతకం పెట్టిన."

నేను పరుగున ముందుగదిలోకి వెళ్లాను. లింగం చీటీ ఉర్దూలో రాసి అన్న చేతిలో పెట్టాను. ఆయన పెదాలు కదుపుతూ చదివాడు. తర్వాత, ఎక్కడా కోపం లేకుండా, లింగం చెప్పినట్టే చెప్పాడు.

"నేను రమ్మన్నది వానికి ఎప్పుడో చెప్పి ఉంటవనుకున్న చెల్లె. రమ్మన్నా వస్తలేడు, ఇగ ఇష్టం లేదనుకున్న."

రెండేళ్లు నేను చెప్పిన అబద్ధాల మీద వాళ్లకు అంత నమ్మకం. ఆ నాలుగు రోజులూ వాళ్లు నన్ను చూసిన చూపు అదే. చెప్పావా, వాడేమన్నాడు అని. నేను నా గవ్వల లెక్క చూసుకుంటూ కూర్చున్నాను.

సారు తఖ్తు దగ్గర నిలబడి పరదా పూర్తిగా తీసేశాడు. లింగానివి ముప్పైమూడు గింజలూ తనే తీసి ప్రష్యావాళ్ల వెనక పెట్టాడు. మధ్యలో మసి గింజలు ఇరుక్కుపోయాయి. వేలితో లెక్కపెట్టి, తన ఎర్ర గింజల్లో పెద్దది ఒకటి తీసి పక్కకు పెట్టాడు. "మీరు గెల్చిండ్రు," అన్నాడు. "పదేండ్లల మొదటిసారి. కాశయ్య ఉంటే బాగుండు."

అన్న లేచి పెరటి వైపు వెళ్లాడు. తలుపు దగ్గర ఆగి, "లింగం, పా ఇంటికి," అన్నాడు. ఇద్దరూ ఒక్క సైకిల్ మీద వెళ్లిపోయారు.

నేను గింజలు డబ్బాలోకి ఎత్తుతున్నాను.

"మీరే చెప్పిండ్రు గద సార్, గవ్వ ఎట్ల పడితే అట్లనే చెప్పాలెనని," అన్నాను.

జహూర్ సారు తఖ్తు మీద, బాపు కూర్చునే వైపు కూర్చున్నాడు. ఆ రోజు ఆయన చాలా ముసలివాడిలా కనిపించాడు.

"ముప్పై ఏండ్లు బడిల చెప్పిన బేటీ. నేను వద్దన్న పని చెయ్యని పిల్ల ఒక్కతి లేదు. నువ్వు నా మాట ఇంటవనుకోలే," అన్నాడు. "తప్పు నాది. చీటీల ముచ్చట నువ్వు ఆ దినమే వాళ్లకు చెప్పేస్తవన్న లెక్క మీదనే ఈ ఆట పెట్టిన."

రిజిస్ట్రీ అయిన కాగితాన్ని రద్దు చేసుకోవాలంటే మళ్లీ ఆ మెట్లెక్కి, ఊరందరి ముందు తప్పైందని చెప్పుకోవాలి. అంత గుండె మా వాళ్లకు లేదు. భూమి రెండైంది, ఇంజన్‌కు వంతులొచ్చాయి, ఇంట్లో రెండు పొయ్యిలు పెట్టారు. గోడ మాత్రం కట్టలేదు. మాటలు కలిశాయి. మరునాటి నుంచి నా చేతికి ఒక్క చీటీ రాలేదు, ఒక్క కబురు రాలేదు. ఏదైనా కావాలంటే అన్న వాకిట్లో నిలబడి పేరు పెట్టి పిలిచేవాడు. ఆ పిలుపు విన్నప్పుడల్లా నాకు సంతోషంగానూ ఉండేది, ఆ సోమవారం పొద్దునా గుర్తొచ్చేది. పెన్ను చేతిలో పట్టుకుని అన్న నా వైపు చూసిన చూపు ఇప్పటికీ వదల్లేదు.

ఉగాదికి ఫ్యాక్టరీ కూత ఆగిపోయింది. కాగితం ప్రకారం ఆ రోజు అవ్వ లింగం వైపుకు మారాలి. పచ్చడి అన్న ఇంట్లో తిన్నది, భోజనం లింగం ఇంట్లో అని తనే తీర్పు చెప్పుకుంది. పచ్చడి తిన్నాక అన్న వైపే మంచం మీద కూర్చుని, "నేను నడువ. వంతులేసుకున్నోళ్లే మోసుకపోండ్రి," అంది.

అన్న తలాపు వైపు పట్టాడు, లింగం కాళ్ల వైపు పట్టాడు. అవ్వ మధ్యలో తన బట్టల మూట ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. అన్న వైపు నుంచి లింగం వైపుకు వాకిలి పన్నెండు అడుగులు. "ఎనక మెట్టున్నది, సూసి," అంటున్నాడు అన్న. "నువ్వు నడువు, నేను చూస్తున్న," అంటున్నాడు లింగం. నేను పక్కన పట్టుకోబోయాను.

"నువ్వు వద్దు, మేం పట్టుకున్నం గద," అన్నారు ఇద్దరూ.

మంచి మాటకే అన్నారు. అవ్వ పోయేదాకా పదకొండేళ్లు, ఉగాదికీ దసరాకూ ఆ మంచం అట్లాగే మోశారు. నేను ప్రతిసారీ వాళ్ల వెనక, ఉత్త చేతులతో నడిచాను.